ఉప్పు మరిచిన రోజు

మా ఇంటి మహారాణికి,

క్షేమంగా చేరాను. బస్సు కొండ ఎక్కుతుంటే పేగులు నోట్లోకొచ్చాయి కానీ, ప్రాణాలతోనే దిగాను. మా హోటలు ఓనరుగారు చెప్పిన మెస్సు బస్టాండు వెనకే ఉంది. ఒకటే పొడవాటి గది, రెండు వరుసల బల్లలు, చివర నాలుగు పొయ్యిలు. నడిపేది డెబ్బై దాటిన ఆవిడ. అందరూ పెద్దమ్మ అంటుంటే నేనూ అదే అంటున్నాను. నెల రోజులు ఉండి ఇక్కడి వంటలు నేర్చుకు రమ్మని కదా ఆయన పంపింది! వీళ్లు దుంపల్ని వేడి బూడిదలో కప్పెట్టి కాలుస్తారు. నాకు పేరైనా తెలియని ఆకులు నాలుగు రకాలు ఒకే కుండలో ఉడకేస్తారు. కొత్తవాణ్ణని నన్ను మధ్యలో కూర్చోబెట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్లు అటొకరు ఇటొకరు కొసరి కొసరి వడ్డించారు. అన్నీ అద్భుతంగా ఉన్నాయి.

ఇట్లు,
నీ వంటవాడు

*

మహారాణీ,

పోయిన ఉత్తరంలో అద్భుతం అని రాశాను చూడు, అది అబద్ధం. ఆర్నెల్ల కిందట నాకు జ్వరం వచ్చి తగ్గింది కదా, పోతూ పోతూ అది నా నాలుక మీది రుచినీ ముక్కులోని వాసననీ పట్టుకుపోయింది. ఏం తిన్నా తడిసిన అట్టముక్క నమిలినట్టే ఉంటోంది. హోటల్లో చెబితే రేపట్నుంచి రావద్దంటారని భయం. నీకు చెబితే బెంగపడతావని భయం. అందుకే పాత కొలతలు గుర్తుపెట్టుకుని వండేస్తూ, ఇంట్లో నీ వంటని పొగుడుతూ దొంగలా రోజులు నెట్టుకొస్తున్నాను. నన్ను క్షమించు.

నిన్న పెద్దమ్మకి దొరికిపోయాను. పొయ్యి పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నాను. నా వెనక కుండలో కూర అడుగంటి మాడిపోతోంది. వీధిలో పోయేవాళ్లు కూడా ముక్కు మూసుకున్నారట, నాకు మాత్రం చీమ కుట్టినట్టైనా లేదు. కుండ చప్పుడు విని ఆవిడ వచ్చి దాన్ని దించి, నా పక్కన చతికిలబడింది.

"ఎన్నాళ్లయింది నాయనా?"

నేను ఇంకో అబద్ధం వెతుక్కునేలోపే, "నాకు పన్నెండేళ్లయిందిలే" అంది.

ఇంతమందికి అన్నం పెట్టే చెయ్యి రుచి తెలియకుండానే వండుతోంది! ఆ పూటే నాకు పాఠం మొదలుపెట్టింది. నూనె చిటపట తగ్గిందంటే దుంపలో తడి పోయిందని, మూత కొట్టుకునే తీరు మారితే నీళ్లు ఇంకాయని, ముక్కని వేళ్లతో నొక్కి చూస్తే మిగతాది తెలుస్తుందని చెప్పింది. ఇవాళ నేనొక్కణ్ణే నలభై మందికి వండాను. ఆర్నెల్లలో మొదటిసారి పొయ్యి ముందు నిలబడితే భయం కాక సంతోషమేసింది.

"అన్నిటికీ ఉపాయముంది కానీ, ఉప్పుకి మాత్రం మనిషి కావాలయ్యా. నాకు బస్సు డ్రైవర్లున్నారు. మొదటి ముద్ద వాళ్లదే. బాగాలేకపోతే మొహం మీదే తిడతారు. నీకెవరున్నారు?" అంది.

ఉన్న ఒక్క మనిషికీ ఇన్నాళ్లు అబద్ధం చెప్పానని ఎలా చెప్పను? ఓనరుగారికి నిజం చెప్పాలా, పని మానుకోవాలా, నువ్వే చెప్పు.

నీ
దొంగ వంటవాడు

*

బావా,

నాకు తెలుసు.

నీ జ్వరం తగ్గిన వారానికి పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. నువ్వు లొట్టలేస్తూ మారు వడ్డించుకున్నావు. అనుమానమొచ్చి మర్నాడు రెట్టింపు వేశాను. "నీ చేతికి తిరుగులేదే" అన్నావు. పెరట్లోకి వెళ్లి ఏడ్చాను. నీ అంతట నువ్వు చెప్పేదాకా అడగకూడదని పంతం పట్టాను. ఆ తరవాత నువ్వు పొగిడినప్పుడల్లా నవ్వూ ఏడుపూ రెండూ ఆపుకోలేక చచ్చాను.

ఓనరుగారికీ తెలుసు. రోజూ పొద్దున్నే "ఆకలేస్తోందోయ్" అంటూ నీ గిన్నెలన్నిట్లో గరిటె పెడతారే, ఆయనకి అంత ఆకలి ఎక్కణ్ణుంచి వస్తుందని ఎప్పుడైనా ఆలోచించావా? బస్సు నడిపే మా అన్నయ్య ఆ పెద్దమ్మ దగ్గరే భోంచేస్తాడు. ఆవిడ సంగతి అన్నయ్య చెప్పగానే, నిన్ను అక్కడికి పంపమని ఓనరుగారిని నేనే అడిగాను. "పాతికేళ్లు నా హోటలు నిలబెట్టిన చెయ్యమ్మా అది. నాలుక పోతే పోయింది, చెయ్యి ఉందిగా" అన్నారు.

పెద్దమ్మకి నా దణ్ణాలు చెప్పు. ఆవిడ రుణం ఈ జన్మకి తీరదు. నేర్చుకోవలసినవన్నీ నేర్చుకుని నిదానంగా రా. వచ్చిన రోజు వంట నువ్వే చెయ్యాలి.

ఉప్పు నేను చూస్తాను. బాగాలేకపోతే మొహం మీదే తిడతాను.

నీ
మరదలు