మిషన్‌కు పట్టని వేలు

కంఠేశ్వర్, నిజామాబాద్
డిసెంబర్ 9, సోమవారం

ధర్పల్లిలో బిడ్డ సుకన్య ఇంట్లో ఉన్న మా వదినె చిన్నుబాయికి, రాధాబాయి చెప్పి రాయిస్తున్న ఉత్తరం.

నువ్వు, సుకన్య, పిల్లలు అక్కడ మంచిగా ఉన్నారని తలుస్తున్నాను. మేమిక్కడ క్షేమం అని రాయమంటే నా మనుమరాలు అఖిల కలం ఆపి నా మొహం చూసింది. సరే, ఇద్దరం ఉన్నామని రాయమన్నాను. నేను మన మాటలో చెప్తుంటే ఇది కాలేజీ తెలుగులో రాస్తోంది. నీకు చదివి వినిపించేది సుకన్యే కాబట్టి ఏం కాదులే.

ఫోన్ చేయలేదని కోపం చేయకు. అఖిల ఫోన్ ఇంకా ఠాణాలోనే ఉంది. వేరేవాళ్ల ఫోన్‌లో మాట్లాడాలంటే, వాళ్లను కూడా పిలుస్తారేమోనని భయం. ఊరు విడిచి అఖిల చదువుకునే ఈ గదికి వచ్చి పది రోజులైంది. ఎదురుగా చాయ్ హోటల్. మూడు రోజులుగా గళ్ల అంగీ తొడుక్కున్న మనిషి ఒకడే వచ్చి కూర్చుంటున్నాడు. చాయ్ చల్లారిపోయినా తాగడు. మెట్ల కింద స్కూటర్ ఆగితే చాలు, అఖిల పుస్తకం మూసి చెప్పులు వేసుకుంటుంది. ఎక్కడికే అంటే, "ఏమో అవ్వా, తీస్కపోతే కాళ్లకు చెప్పులన్న ఉండాలె గదా" అంటుంది. ధర్నా రోజు దాని చెప్పులు రోడ్డు మీదనే పోయాయి.

ఇక్కడ రేషన్ షాపులో కూడా నా బొటనవేలు మిషన్‌కు పట్టలేదు. పది వేళ్లూ పెట్టించాడు. "అవ్వా, నువ్వు నువ్వు గాదంటున్నది మిషన్" అని డీలర్ నవ్వాడు. నీ వేలూ అంతే కదా. చాట ఒళ్లో పెట్టుకుని నలభై ఏండ్లు పక్కపక్కన బీడీలు చుట్టాం. వేలి మీద గీతలన్నీ తునికాకే తినేసింది. అఖిల వేలు పెడితే బియ్యం ఇచ్చాడు.

ఇక అసలు సంగతి. చూసింది చూసినట్టు రాయించి పెట్టమని మన వకీలు వినీతమ్మ చెప్పింది. జ్వరం వల్ల నువ్వు ఆ రోజు రాలేదు. కాబట్టి నీకే చెప్తున్నాను.

మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ తెరవాలని బోధన్ రోడ్డు మీద కూర్చున్నాం. ఆడవాళ్లం ముందు, మగవాళ్లు వెనుక. ఆడవాళ్లను చూస్తే లాఠీ ఎత్తరని అందరి ధైర్యం. నీ కొడుకు మధుకర్ ట్రాక్టర్ నిండా చెరుకు తెచ్చి అడ్డంగా పెట్టాడు. ఒక గడ విరిచి, "అత్తా, ఎండల కూసున్నవు, గిది నములు" అన్నాడు. "నాకు పండ్లెక్కడియిరా" అంటే, "పోలీసోళ్లను కొరికేతందుకు దాసుకున్నవనుకున్న" అన్నాడు. అందరం నవ్వాం. ఇంకా నవ్వుతుండగానే బండ్లు వచ్చి ఆగాయి.

ఐదు నిమిషాల్లో లేవాలని మైకులో అన్నారు. నేను మోకాలు పట్టుకుని లేచేలోపే లాఠీలు పడ్డాయి. నా మీదికి వచ్చినవాడు పొడుగు మనిషి. నాకు చదువు రాదు, చూపు ఉంది. అంగీ మీద పేరు పట్టీ ఉండాల్సిన చోట వాడికి పట్టీ లేదు. ఆ ముక్క మేరకు బట్ట వెలిసిపోకుండా ముదురుగా ఉంది. తీసి జేబులో వేసుకుని వచ్చాడు. వాడు లాఠీ ఎత్తగానే మధుకర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ముసల్ది సార్" అన్నాడు. ఆ ఒక్క మాటే. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను వదినె. కింద పడ్డాక ఇంకో రెండు దెబ్బలు వేశాడు. మధుకర్ రాయి ముట్టలేదు. దెబ్బలు పడేటప్పుడు ట్రాక్టర్ మీద లేనే లేడు. అఖిల ఇదంతా ఫోన్‌లో తీసింది. అందుకే ఫోన్ గుంజుకుని, దాన్ని జుట్టు పట్టి వ్యాన్‌లో వేశారు. వినీతమ్మ ఫోన్ చేయబట్టే సాయంత్రానికి వదిలారని అఖిల అంటుంది.

వాళ్లు రాసుకున్నది మాత్రం వేరు. మధుకర్ పోలీసుల మీద రాయి విసిరి, ట్రాక్టర్ మీంచి దూకి, చెయ్యి విరగ్గొట్టుకున్నాడట. వినీతమ్మ జైలుకు వెళ్లి వాణ్ణి చూసింది. కట్టు కట్టారు కానీ వేళ్లు కదలడం లేదట. కొట్టినవాడి మీద కూడా ఆమె అర్జీ పెట్టింది. శుక్రవారం బెయిల్ పేషీ. చూసినవాళ్లు కావాలంటోంది.

ఊరు విడిచే ముందు భూమన్నను సాక్ష్యం చెప్పమని అడిగాను. ఆ రోజు నా వెనకే కూర్చున్నాడు. "నేను ఆ దినం జక్రాన్‌పల్లిల ఉన్న అక్కా" అన్నాడు. "మరి నా ఎనుక సెరుకు నమిలింది నీ దయ్యమారా?" అన్నాను. "దయ్యమే అనుకో. దానికైతే కేసుండదు" అన్నాడు. నవ్వుదామని చూస్తే వాడి కళ్లలో నీళ్లు.

నువ్వు పంపిన కబురు కూడా అందింది. "మనోళ్లలనే ఎవతో ముసల్ది నా కొడుకు మీద సాక్ష్యం జెప్పిందట. అదెవతో కనుక్కో రాధా, దాని నోట్ల మన్నువడ" అన్నావట. విని అఖిల కూడా దాన్ని బాగా తిట్టింది. నేను బియ్యం ఏరుతూ కూర్చున్నాను. పేరు శుక్రవారం కోర్టులో చదువుతారట.

నువ్వు బీపీ గోలీలు మానకు. మధుకర్ గురించి ఏడ్చేటప్పుడు పిల్లల ముందు ఏడవకు.

ఇట్లు,
నీ రాధాబాయి
(రాసింది అఖిల)

తా.క.: సుకన్యా బిడ్డా, ఇక్కడి నుంచి రాత మారింది చూడు. ఇది కోర్టు బయట అర్జీలు రాసే సాయన్న రాత. పోస్టు డబ్బాలో వేసి వస్తానని అఖిల దగ్గర ఉత్తరం తీసుకుని వచ్చాను. గళ్ల అంగీవాడు లేచి సగం దూరం నా వెనకే నడిచాడు. మెల్లగా చదువు బిడ్డా, కానీ మధ్యలో ఆపకు.

వదినె, నువ్వు తిట్టిన ఆ ముసల్దాన్ని నేనే.

తెలియక వేలిముద్ర వేశానని చెప్పను. ఆ సాయంత్రం అఖిల కోసం ఠాణాకు పోతే రాత పోలీసు కాగితం మొత్తం చదివి వినిపించాడు. రాయి, ట్రాక్టర్, దూకడం, అన్నీ విన్నాను. తలుపు సందులోంచి అఖిల కాళ్లు కనిపిస్తున్నాయి. చెప్పులు లేవు. ఒక వేలికి నెత్తురు. "వేలు వెడ్తవా అవ్వా, పిల్లను జైలుకు తోల్మంటవా?" అన్నాడు.

అప్పుడు నాకొక తెలివి తట్టింది. ప్రతి నెల మిషన్ నన్ను నేను కాదంటుంది కదా. మిషన్‌కే పట్టని వేలు కోర్టుకేం పడుతుంది, పిల్ల బయటపడితే చాలు అనుకున్నాను. వేలు పెట్టాను. గీత లేని నల్ల మచ్చ పడింది. వాళ్లను మోసం చేశాననే అనుకున్నాను. వాడు ఆ మచ్చ పక్కన నా పేరు, మా ఇంటాయన పేరు, ఊరి పేరు రాసుకున్నాడు. ఆ మచ్చకు మిషన్ అవసరం లేదట వదినె.

సాయన్న దగ్గరికి వచ్చే ముందు వినీతమ్మకు చెప్పాను. ఆమె, "గీతలు లేవు కాబట్టి అది నీదని వాళ్లు రుజువు చేయలేరు, నాది కాదని అనొచ్చు" అంది. నాది కాదంటే, చెప్పులు లేని పిల్లను చూపించి నా వేలు ఎట్లా తీసుకున్నారో ఎవరూ అడగరు. పట్టీ తీసి జేబులో వేసుకున్నవాడిని అసలే అడగరు. వేలు నాదే, కాగితం అబద్ధం, ఆ పొడుగువాడిని మళ్లీ చూస్తే గుర్తుపడతాను. శుక్రవారం జడ్జిగారి ముందు ఈ మూడు మాటలు చెప్తాను. అబద్ధపు కాగితానికి వేలు పెట్టినందుకు నా మీద కేసు కావచ్చు, అఖిలను మళ్లీ పట్టుకోవచ్చు అని వినీతమ్మ దాచకుండా చెప్పింది. ఈ మాటలు సాయన్న రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాడు.

అఖిలకు ఇదేమీ తెలియదు. శుక్రవారం పొద్దున మొదటి బస్సుకు దాన్ని ధర్పల్లికి పంపిస్తాను. నువ్వు రమ్మన్నావని అబద్ధం చెప్తాను. నిజం నువ్వు చెప్పినా సరే, చెప్పకపోయినా సరే.

సాయన్న కింద వేలు పెట్టమన్నాడు. పెట్టాను. ఆ మచ్చ ఎవరిదో నీకు తెలుసు.

నన్నెంతైనా తిట్టు వదినె. అఖిల వచ్చి తలుపు కొడితే మాత్రం తియ్యి.