వడ్లకుప్పలో ఫోన్

వియత్నాం, ఆగస్టు 24

పెంచలన్నా, నాకేమీ కాలేదు, సైకిలూ బాగానే ఉంది. ముందు ఈ మాట వదినకు చెప్పు.

ఫోనే లేదు. నిన్న మధ్యాహ్నం ఇక్కడొక పల్లెలో రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి, మన ఊళ్లో, సంగంలో లాగే. ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. సైకిల్ పక్కన పడేసి, ఎవరినీ అడక్కుండానే పార అందుకుని వాళ్లతో పాటు వడ్లు కుప్పకు ఎగదోశాను. పట్టా కప్పేసరికి వాన. జేబు తడుముకుంటే ఫోన్ లేదు. వంగినప్పుడు వడ్లలోకి జారిపోయింది. "దేశంగాని దేశం ఒక్కదానివే పోతా ఉండావు, ఫోన్ మాత్రం వదలబాక" అని నువ్వు చెప్పనే చెప్పావు. మ్యాపు, తిరుగు టికెట్టు అన్నీ దాన్లోనే. నీ నంబరు నోటికి రాదు. ఇంటి అడ్రసొకటే గుర్తుంది, అందుకే ఈ కార్డు. కుప్ప వాళ్ల పెద్దావిడ ఇంట్లోనే ఉన్నాను, అన్నం పెట్టింది. వాన తగ్గలేదు. ఈ ప్రయాణానికి ముందు మన ఊరి నుంచి సముద్రం ఒడ్డున జువ్వలదిన్నె దాకా సైకిల్ తొక్కి తెచ్చుకున్న ధైర్యమంతా పోయింది.

మన ఎడగారు పంట కోతలయ్యాయా, వడ్లు రోడ్డెక్కాయా? పట్టాలు దగ్గర పెట్టుకో. వదినను బీపీ బిళ్ల మానొద్దను. పిల్లలకు ముద్దులు.

పొద్దున కుప్పలో ఫోన్ మోగింది. నువ్వే అయ్యుంటావు. నాలుగు సార్లు మోగింది. పెద్దావిడ పట్టా అంచు పట్టుకుని నావైపు చూసింది. అంత వానలో కుప్ప విప్పమని ఎట్లా అడిగేది అన్నా? వద్దని చెయ్యూపి, మోగడం ఆగేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ చెల్లెలు
వాణి