చెవులకి పెట్టుకునే టీవీ

భీమవరం,
బుధవారం.

నాన్నా, నేను బాగానే ఉన్నాను. ఫోనులో నా మాట నీకు వినపడదు కాబట్టి ఈ కార్డు ముక్క.

టీవీ సౌండు ఎక్కువైందని అన్నయ్య కసిరాడట, వారం నుంచి నువ్వు టీవీ ముందు కూర్చోవడమే మానేశావట. అమ్మ చెబితే ఒళ్లు మండిపోయింది. ఇక్కడ నేను అద్దెకుండే ఇంటివాళ్ల మామ్మగారు ఏసమ్మకీ నీలాగే వినపడదు. నేను రొయ్యల ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలంతా టీవీ హోరే. పోట్లాడి లాభం లేక వైరు లేని హెడ్‌ఫోన్సు తెచ్చి, టీవీకి కలిపి ఆవిడ చెవులకి పెట్టాను. టీవీ నోరు మూసుకుంది. మర్నాడు పక్కింటి చిట్టెమ్మగారు గోడ మీంచి, "టీవీ పాడైందా ఏంటండీ? ఆ సీరియల్ వింటూనే కదా నేను వంట చేసుకునేది!" అని అడిగింది. మామ్మగారు హెడ్‌ఫోన్సు తీయకుండానే పెరట్లో చేపలు తోముతూ, ఆ అడిగింది వినపడకపోయినా, "సీరియల్లో కోడలు మళ్లీ పుట్టింటికి పోయిందే చిట్టెమ్మా!" అని వీధంతా దద్దరిల్లేలా కేకేసింది. నవ్వి నవ్వి నా నిద్ర ఎగిరిపోయింది.

నీకూ అలాంటివే పార్సిల్ చేశాను. అందాయా? సిగ్గుపడకుండా పెట్టుకో. గేదె ఈనిందా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?

కార్డు రాసింది కవరు దొరక్క కాదు. నీకిచ్చే ముందు అన్నయ్య చదువుతాడనే రాశాను. అన్నయ్యా, చదివావుగా, రోజూ ఛార్జింగు పెట్టే పని నీది.

అమ్మకీ వదినకీ నమస్కారాలు, పాపకి ముద్దులు.

నీ కూతురు,
సూర్యకళ