అగ్నిశర్మకు ఇనుప కవచం

తుళ్లూరు,
బుధవారం.

చిరంజీవి మహతికి నాన్న దీవించి రాసేది. ఇక్కడ అమ్మ, తమ్ముడు కౌశిక్, నేను కులాసా. నా కులాసాలో మాత్రం కొంచెం తరుగుంది, ఆ సంగతి తర్వాత. మీ హాస్టల్లో ఫోన్లు లాక్కోవడం ఒకందుకు మంచిదే అయింది, నీ చేతిరాత చూస్తున్నాం.

నువ్వడిగిన ఫిజిక్సు పుస్తకం కౌశిక్ మంచం కింద దొరికింది. పంపిస్తాను.

ఇక ఆట. సెలవుల్లో నువ్వు కల్పించి, తలా ఒక వేషం ఇచ్చి మా చేత పాచికలు వేయించిన ఆట ఉత్తరాల్లో కూడా నడుస్తుందనుకోలేదు. రాక్షసుల గుహ ముందు నిలబెట్టి అడిగావు కదా, "నాన్నా, నీ మాంత్రికుడు అగ్నిశర్మకి ఇనుప కవచం తొడగనా? తొడిగితే బాణాలు తగలవు, కానీ సగం మంత్రాలు పారవు. నూలుబట్టలతో వెళ్తే ఒక్క బాణానికే పోతాడు" అని. కౌశిక్‌గాడి దొంగకైతే కవచం వద్దే వద్దు. గలగలమంటే కాపలావాళ్లు లేవరూ అని కూడా రాశావు.

వేసవిలో నీతో ఎంత వాదించాను! "పాతికేళ్లుగా గర్భగుడిలో చొక్కా లేకుండా మంత్రం చదువుతున్నవాణ్ణి, నాకే చెబుతావుటే? మంత్రానికి కుట్టిన గుడ్డే పనికిరాదు, ఇనుమా!" అని ఎగిరాను. నా మాట మీదే నువ్వా నియమం పెట్టావు. అదే నన్ను పడగొట్టిందమ్మా.

పోయిన నెల కంకర రోడ్డు మీద బండి జారి పడ్డాను. నడుము ఎముక చిట్లింది. పరీక్షలని నీకు చెప్పొద్దంది అమ్మ. మంగళగిరిలో డాక్టరు సైమాగారు ఇనుప బద్దలున్న బెల్టు కట్టి, "పంతులుగారూ, మూడు నెలలు ఇది తీయకూడదండీ. తీస్తే మళ్లీ నడుస్తారని నేను చెప్పలేను" అన్నారు. అది కిర్రుమంటే చాలు, వంటింట్లోంచి "ఎక్కడికండీ?" అంటుంది అమ్మ. దొంగకి కవచం పనికిరాదన్న నీ మాట అక్షరాలా నిజం.

ఇప్పుడు దాచింది చెబుతాను. రోజూ గుళ్లో బెల్టు విప్పి, బియ్యం డబ్బా వెనక పెట్టి అర్చన చేశాను. అమ్మకి తెలియదు. కిందటి వారం సోమవారం అభిషేకం బిందె ఎత్తగానే కూలబడ్డాను. నమకం సగంలో ఆగిపోయింది. కాళ్లు కదల్లేదు మహతీ. చాలా భయమేసింది. శశిభూషణ్ బాబాయి నన్నెత్తి అరుగు మీద పడుకోబెట్టాడు. సాయంత్రానికి కాళ్లు స్వాధీనంలోకొచ్చాయి. అమ్మ తిట్టలేదు, ఏడ్చింది. తిట్టినా బాగుండేది.

మొన్న సోమవారం బాబాయి నన్ను లోపలికి రానివ్వలేదు. "అన్నయ్యా, మంత్రం నీది, చెంబు నాది. మండపంలో కూర్చో" అన్నాడు. బెల్టుతో, కుర్చీలో, అందరి ముందూ! సిగ్గుతో చచ్చాను. కానీ ఒక్క అక్షరం తప్పలేదు తల్లీ. బిగుతుకి మధ్యమధ్యలో ఊపిరి తీసుకోవలసి వచ్చింది. అంతసేపూ బాబాయి చెంబు పట్టుకుని ఆగాడు.

అందుకని నీ నియమం మార్చు. కవచం వేసుకుంటే మంత్రం తప్పదు, ఆలస్యమవుతుంది, అంతే. అగ్నిశర్మకి ఇనుప కవచమే తొడుగు. గుహలోకి వస్తాడు. దొంగను మాత్రం ముందు పరిగెత్తకుండా కాస్త ఆగమను.

ఇట్లు,
బెల్టు విప్పని మీ నాన్న,
రాధాకృష్ణమూర్తి