తమ్ముడు రానన్న గుహలు

ఆదివారం, భూపాలపల్లి

వచ్చే సెలవులకు అందరం బొర్రా గుహలు చూద్దామని రైలు వేళలతో సహా రాసుకుని జనగామ నుంచి తమ్ముడింటికి వచ్చాను. బొగ్గుబాయిలో పనిచేసే వాడు పగలబడి నవ్వాడు.

"రోజూ భూమిలకే దిగుతున్న. సెలవుల గూడ లోపల్కే దింపుతవా అక్కా?"

"మరి యాడికి పోదాంరా?"

"గీ డాబా మీదికి."

అలిగాను కానీ, పొద్దుగూకాక వాడి పక్కనే చాప వేసుకుని పడుకున్నాను. ఆకాశం నిండా చుక్కలు. వాడు రెప్ప వేయడం లేదు.

"ఏందిరా గంతగనం చూస్తున్నవ్?"

"మీద కప్పు లేదు గదక్కా."

ఇంత ఆకాశాన్ని నెత్తిమీద పెట్టుకుని నేనెప్పుడూ తలెత్తి చూడలేదు.

తెల్లవారితే వాడు మళ్లీ బాయిలోకి దిగుతాడు. పైకి వచ్చేదాకా నేను జనగామ బస్సెక్కను...