ఆంపిసిలిన్‌కు తోడబుట్టిన మందు

జిల్లా మందుల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భార్యను చావు దాకా తీసుకుపోయిన కలిబ్బాలా మందుల కొట్టుకు తాళం వేయించుట గురించి.

బుసెన్యా వాస్తవ్యుడు, ఆదివారపు బోధకుడు యోకానా సెంగెండో మనవి చేసుకొనునది ఏమనగా:

1. నా భార్య ఎసేరికి ఆంపిసిలిన్ పడదు. ఒంట్లోకి పోతే దద్దుర్లు, వాపు. పంటి చీముకు మందు కోసం వెళ్లి, కలిబ్బాలాతో మొట్టమొదట చెప్పినది ఇదే.

2. అతడు అమాక్సిసిలిన్ చేతిలో పెట్టి, "పేరే వేరు న్యాబో, భయమెందుకు?" అన్నాడు. న్యాబో అని మర్యాదగా పిలిచి మరీ ఇచ్చాడు. ఒక్క మాత్రకే నాలుక వాచి ఆమెకు ఊపిరాడలేదు. నడుముకు కట్టుకుని మోటారు సైకిలు మీద ఆసుపత్రికి మోసుకుపోయాను. గొంతులో గొట్టం దించి బతికించారు.

3. రెండూ పెన్సిలిన్ సంతానమేనని అక్కడి డాక్టరమ్మ చెప్పారు. అయ్యా, ఇది బుగాండాలో పుట్టినవాడు చేయదగిన తప్పేనా? మాలో ఒక్క తండ్రి బిడ్డలకే తలా ఒక పేరు. అతడు కలిబ్బాలా, పక్కనే మాంసం కొట్టే సొంత తమ్ముడు ముగలూలా. ఇద్దరిదీ మిడత గోత్రమే. పేరు వేరు కదా అని తమ్ముడి కూతురిని కొడుక్కి చేసుకుంటాడా? ఏశావు, యాకోబుల పేర్లు కలిశాయా? మోసిన గర్భం ఒక్కటి కాదా?

4. నిలదీస్తే పశ్చాత్తాపం లేదు. "పోనీ సెబో, సెఫలెక్సిన్ ఇస్తా. అది వేరే వంశంలే" అని నన్నూ అంతే మర్యాదగా పిలిచి ఇంకో అట్ట తీశాడు. వంశం వేరే గాని, ఆంపిసిలిన్ అణువుకు పక్కన చెయ్యిలా అతుక్కున్న ముక్కే దానికీ ఉందట. ఎసేరి దాని జోలికీ పోకూడదని డాక్టరమ్మ అన్నారు. అన్న చంపలేకపోతే మేనబావను పంపబోయాడు!

5. మొన్న ప్రసంగంలో పేరెత్తి శపించాను. ముందు బల్ల మీద కూర్చుని ఆమేన్ అన్నాడు. కొట్టు నేటికీ తెరిచే ఉంది. ఏలీయా పిలిస్తే దిగిన అగ్ని నేను పిలిస్తే దిగలేదు గనుక తమరిని ఆశ్రయిస్తున్నాను.

కావున, మరొకరి ఇంట శవం లేవకముందే ఆ కొట్టు మూయించి, తలుపుకు ముద్ర వేసే వేళ నన్ను అతని ఎదుట నిలబడనివ్వవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
యోకానా సెంగెండో

మరొక మనవి: ఇది చదివించుకుని విని, కలిబ్బాలాను క్షమించమంది ఎసేరి. మా గుడిలో పాట ఎత్తుకునే మనిషి. ఆ గొట్టం దిగాక ఇప్పుడు ఆమె మాట వినాలంటే నోటికి చెవి ఆనించాలి. ఆనించి విన్నాను. ముందు తాళం పడనివ్వండి, తర్వాత క్షమిస్తాను.