నమ్మకస్తుడని చెప్పింది నేనే

శుక్రవారం, రాత్రి

పక్కింటి గంగమణి కొడుకు గల్ఫ్ నుంచి వచ్చేసి, టాక్సీ నడుపుకుందామని పుణెలో కొన్న కారు ఇవాళ లారీలో వచ్చి దిగింది. ముందు అద్దం పగిలింది, ఒక తలుపు లోపలికి నొక్కుకుపోయింది. వాడి బతుకుతెరువు అదే. లారీవాడు ఫోన్ ఎత్తడం లేదు. ఆ లారీని చూపించిన బ్రోకర్ శ్రీనును పిలిపించి కడిగేశాను.

"నేను నంబర్ ఇచ్చిన, గంతే అవ్వా. బండి నాదా, డ్రైవర్ నావోడా?"

"మా పెనిమిటి మార్కెట్ల అడ్తి దుకాణం నడిపినప్పుడు, తాను చెప్పిన లారీల పోయే పసుపు తడిస్తే ఆ బస్తాలు తానే కొనుక్కునేటోడు. నువ్వేమో నంబర్లు ప్రసాదం లెక్క పంచుతున్నవ్."

"మరి గంగమణక్కకు నా పేరు చెప్పిందెవరవ్వా?"

నేనే. నమ్మకస్తుడని కూడా అన్నాను. గంగమణి అక్కడే ఉండి అంతా వింది. రేపు వాళ్ళింటికి వెళ్ళి, పూచీ నాదని చెప్పాలి. ఊరందరినీ కడిగే నోరు ఆ ఒక్క మాటకు తిరుగుతుందో లేదో...